మూతలో ఉండిపోయిన పాత వాషరు

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇంకా చీరైనా మార్చుకోకముందే నా మనవరాలు నేహ నన్ను లిఫ్టు ఎక్కించి సెల్లారులోకి తీసుకుపోయింది. పంజాగుట్టలో మేముండే అపార్టుమెంటు కింద ఆ సెల్లారు పట్టపగలు కూడా చీకటిగానే ఉంటుంది. రెండు కార్ల మధ్య ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టి, "అమ్మమ్మా, ఇయాల నా కారు ఆయిల్ నేనే మారుస్తున్న. నువ్వు జర చూస్తుండు, చాలు" అంది. నేహ నా పెద్ద కూతురి కూతురు. వారమంతా ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుంటుంది కాబట్టి, ఆదివారం వచ్చేసరికి చేతులకు మసి అంటుకునే పని ఏదైనా చెయ్యాలని దానికి కోరిక పుడుతుంది. ఈసారి పని ఫోనులో వీడియో చూసి నేర్చుకున్నదట. తొంభై దాటిన మనిషిని చూస్తుండమంటే చూస్తుండటం తప్ప ఇంకేం చేస్తాను, కూర్చున్నాను.

కారు కింద దూరి పాత నూనె ఒక తొట్టిలోకి వదిలింది. నూనెలోని మురికిని పట్టుకునే ఫిల్టరు డబ్బా మాత్రం ఒక పట్టాన ఊడి రాలేదు. ఏదో పట్టీ వేసి తిప్పి, పళ్లు కొరికి, నాకు వినపడకూడని మాట ఒకటి అని, ఎట్లాగో ఊడదీసింది. కొత్తది బిగించింది, కొత్త నూనె పోసింది, ఇంజను స్టార్టు చేసింది. కాసేపటికే ఫిల్టరు అంచు నుంచి నూనె సన్నగా కారడం మొదలైంది. ఇంజను ఆపి మళ్లీ గట్టిగా బిగించింది. మళ్లీ కారింది. అప్పటిదాకా ఉన్న హుషారంతా పోయి, "కొత్త ఫిల్టర్ అమ్మమ్మా, ఇప్పుడే డబ్బాల నుంచి తీసిన. గిట్ల ఎట్ల లీకైతది?" అని నా మొహంలోకి చూసింది. "కొత్తదాని సంగతి సరే, పాతదాని వాషరు పాతదానితో పాటు వచ్చిందా? ఇంజనుకే అతుక్కుని ఉందేమో చేత్తో తడిమి చూడు" అన్నాను కుర్చీలోంచి లేవకుండానే. ఫోను లైటు వేసి చూసింది. ఉంది. పాత రబ్బరు వాషరు నల్లగా, ఇనుములో కలిసిపోయి, అక్కడే ఉంది. దాని మీదే కొత్తది కూర్చుంది. నేహ దాన్ని గోటితో పెకిలించి తెచ్చి నా అరచేతిలో పెట్టి, "నీకెట్ల తెలుసే అమ్మమ్మా?" అంది. చెప్తాలే, ముందు పని కానియ్యి అన్నాను. చెప్పలేకపోయాను. దానికి చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

నేహకు అమీర్‌పేట అంటే కోచింగ్ సెంటర్ల బోర్డులు, మెట్రో స్టేషను, ఎంతకీ దాటలేని రోడ్డు. నేను పుట్టి పెరిగిన అమీర్‌పేటలో కూరగాయల మళ్లు ఉండేవి. రెండు గదులు, ముందు పందిరి, వెనక నాలుగు మెట్లు, మెట్లు దిగితే బావి, బావి అవతల ఎవరివో వంకాయ మళ్లు. పొద్దున లేస్తే తడిమట్టి వాసన, గోరింట కంచె వాసన, జట్కా గుర్రాల లద్దె వాసన అన్నీ కలిసి వచ్చేవి. పంజాగుట్ట అంటే నిజంగా గుట్టే. బండల మధ్య సీతాఫలం పొదలు, పొద్దుగుంకితే నక్కల కూతలు. ఆ దారి గుండా మా నాయన రోజూ సోమాజిగూడలో దొరల బంగ్లాలకు నడిచి వెళ్లి, సువార్త చెప్పడానికి వచ్చిన దొరలకు తెలుగూ ఉర్దూ నేర్పి వచ్చేవాడు. అందరూ ఆయనను మున్షీ యేసుదాసు అనేవారు. మెడదాకా గుండీలు పెట్టిన షేర్వాణీ, చేతిలో గొడుగు, వాన ఉన్నా లేకున్నా.

దొరలకు ప్రతి మాటా రెండుసార్లు చెప్పీ చెప్పీ నాయనకు అదే అలవాటైపోయింది. ఇంట్లో కూడా ఏదైనా రెండుసార్లే. "తలుపేసినవా? ఏసినవా?" "దీపమార్పినవా? ఆర్పినవా?" తలుపుకు గడియ ఉన్నా ఇంకో గొళ్లెం పెట్టించాడు. మా బడి పుస్తకాలకు ఒక అట్ట వేసి దాని మీద ఇంకో అట్ట వేసేవాడు. అమ్మ మాత్రం తక్కువ తిన్నదా? ఆవకాయ జాడీకి ఒక గుడ్డ మీద ఇంకో గుడ్డ కట్టేది. బొంత చిరిగితే చిరిగిన గుడ్డ తీసెయ్యదు, దాని మీదే కొత్త గుడ్డ వేసి కుట్టేది. మా బొంతలు కప్పుకుంటే పక్కకు తిరగడం కష్టం. పాతది తీసి కొత్తది పెట్టడం అనేది మా ఇంట్లో లేదు, పాతదాని మీద కొత్తది పెట్టడమే ఉండేది. అది పిసినారితనం కాదు. ఉన్నది పారేస్తే దేవుడు ఇచ్చిందాన్ని పారేసినట్టని వాళ్ల నమ్మకం. ఒకటి ఉన్నచోట రెండుంటే ఇంకా గట్టి అని ఇంకో నమ్మకం. ఆ నమ్మకాన్ని చూసి అప్పుడు మేం పిల్లలం నవ్వేవాళ్లం.

నవ్వడంలో ముందుండేది మా అన్న దేవదానం. నాకంటే చాలా పెద్దవాడు, ఇంట్లో పిల్లలం మేమిద్దరమే. ఒక దొర తన దేశం వెళ్లిపోతూ, తన పాత మోటారు కారు నడవడం మానేసిందని, నీకేమైనా పనికొస్తే తీసుకో మున్షీ అని నాయనకు వదిలిపోయాడు. ఎద్దులతో లాగించుకుని ఇంటికి తెచ్చారు. చాలారోజులు అది పందిరి కింద కోళ్లకు గూడుగా ఉంది. అన్న దాన్ని విప్పాడు, తుడిచాడు, ఎవరెవరినో అడిగి తెలుసుకున్నాడు, ఒకరోజు మధ్యాహ్నం అది పెద్దగా దగ్గి, పొగ వదిలి, నడిచింది. అమ్మ భయపడి కోళ్లను లోపలికి తోలింది. నాయన అయితే ఆ రోజు ప్రార్థనలో మోటారు కోసం కూడా ప్రభువుకు కృతజ్ఞత చెప్పాడు, రెండుసార్లు. తర్వాత నాయనకు కూడా అన్నే నడపడం నేర్పాడు. షేర్వాణీ గుండీలు ఒక్కటీ విప్పకుండా నాయన స్టీరింగు పట్టుకుని కూర్చుంటే ఎవరో దివాన్‌గారి ఫొటోలా ఉండేవాడు.

నూనె మార్చే రోజు మా వీధిలో చిన్న పండుగ. అది శనివారం సాయంత్రమే ఉండేది, ఎందుకంటే ఆదివారం పొద్దున నడవలేని ముసలివాళ్లను ఆ మోటారులో చర్చికి తీసుకుపోవాలి. నల్లనూనె దిగుతుందని తెలిస్తే చాలు, బండ్లు తోలేవాళ్లు కొబ్బరి చిప్పలు పట్టుకుని వచ్చి కూర్చునేవాళ్లు. బండి ఇరుసులకు కందెన కదా. అందరికంటే ముందు పక్కింటి మల్లయ్య వచ్చేవాడు, అతనికి ఒక ఒంటెద్దు బండి, ఒక జత ఎద్దుల బండి ఉండేవి. మిగిలినది అమ్మ దూలాలకు చెదలు పట్టకుండా పూసేది. వేడి నూనె వాసన, కిరసనాయిలు వాసన, అమ్మ పొయ్యి మీద ఎండుచేప వాసన కలిస్తే నాకు ఇప్పటికీ శనివారమే.

ఆ మోటారు ఫిల్టరు ఇప్పటి వాటిలా పారేసి కొత్తది పెట్టుకునేది కాదు. ఇంజను పక్కన చెంబంత ఇనుప డబ్బా, దానికొక మూత, మూతను పట్టి ఉంచే ఒకే ఒక్క పెద్ద బోల్టు. లోపల మురికిని పట్టే సరుకు విలాయత్ నుంచి రావాలి. యుద్ధం మొదలయ్యాక రావడం మానేసింది. అన్న ఊరుకున్నాడా? అమ్మతో పాత ధోతి గుడ్డ సంచీ కుట్టించి, దాంట్లో దూది నింపి అదే పెట్టేవాడు. మూత కింద నూనె కారకుండా వేసే వాషరు కూడా దొరకలేదు. అప్పుడు అన్న కన్ను మేకుకు వేలాడుతున్న మా తాత రూమీ టోపీ మీద పడింది. తాత ఎవరో నవాబు దేవిడీలో పనిచేసినప్పటి టోపీ. దళసరి ఎర్ర ఉన్ని, నూనెకు కరగదు, గట్టిగా నొక్కితే కూర్చుంటుంది. నాయన మొదట ఒప్పుకోలేదు. "తాత ఇగ మనతోనే మోటారుల తిరుగుతడు నాయనా, గోడకేం తిరుగుతడు?" అని అన్న అన్నాక నవ్వు ఆపుకోలేక ఒప్పుకున్నాడు. ఆ టోపీలోంచి అన్న గుండ్రంగా ఒక్కో వాషరు కోసేవాడు.

ఆ పనిలో నాకూ ఒక భాగం ఉండేది. ముందువైపు బండ్లవాళ్లు కూర్చుంటారు కాబట్టి అమ్మ నన్ను అటు రానిచ్చేది కాదు. అందుకని అన్న మూత విప్పగానే దాన్ని తెచ్చి వెనక మెట్ల మీద కూర్చున్న నాకు ఇచ్చిపోయేవాడు. మూత లోపల అంచు చుట్టూ ఒక సన్నని గాడి. పాత వాషరు నూనెలో ఉడికి, నల్లబడి, ఆ గాడిలో అచ్చం ఇనుములా అతుక్కుపోయి ఉంటుంది. తెలియనివాళ్లకు అక్కడ వాషరు ఉందన్న సంగతే కనపడదు. ఇనుముతో గీకితే గాడి పాడవుతుందని అన్న చింతకొయ్యతో చిన్న పుల్ల చెక్కి ఇచ్చాడు. ఆ పుల్లతో చుట్టూ గీకి, పాత ఉన్నిని పోగులు పోగులుగా లాగి, కిరసనాయిలుతో కడిగి, ఆఖరున వేలితో గాడి అంతా తడిమి చూడాలి. "సుగుణా, అయ్యిందా?" అని అన్న ముందువైపు నుంచే అడిగేవాడు. అయ్యిందంటే వచ్చి తీసుకునేవాడు, తను మళ్లీ చూసేవాడు కాదు. నా వేలి మీద అన్నకు అంత నమ్మకం. నాయన ముందువైపు కుర్చీలో కూర్చుని పనంతా కళ్లార్పకుండా చూసేవాడు గానీ, ఈ మెట్ల మీది పని ఆయనకు కనపడేది కాదు. వెనకకు పోయిన మూత శుభ్రంగా తిరిగి వచ్చేది, అంతే.

అన్న ఫౌజులో చేరాడు. మోటారు పని తెలిసినవాళ్లు కావాలని పిలిచారు, పోయాడు. పోయిననాడు అమ్మ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఏడవలేదు, తలుపు వదల్లేదు. ఇల్లు ఇల్లులా లేకుండా పోయింది. నాయన రోజూ మోటారు తుడిచేవాడు, ఆదివారాలు మాత్రం మెల్లగా చర్చిదాకా నడిపేవాడు. పెట్రోలుకు కూపన్లు ఇచ్చే కాలం, అవి దాచేవాడు. అన్న వచ్చినప్పుడు తిప్పుతాడని.

ఒకరోజు అన్న దోస్తు ఒకడు, అన్నతో పాటే మద్రాసు దిక్కు ఉన్నవాడు, సెలవు మీద వచ్చి మా పందిట్లో నిలబడ్డాడు. "దానం చెప్పమన్నడు. మమ్ముల నార్తుకు తీస్కపోతున్నరు. ఎల్లుండి పగటి ఏళకు బండి కాజీపేటల ఆగుతది, ఇంజన్‌కు నీళ్లు పడతరు. నాయనను మోటారేసుకొని రమ్మన్నడు. ఇంజన్ చప్పుడు ఇననీకె పానం కొట్టుకుంటుందట" అని ఒక్క గుక్కలో చెప్పి, గ్లాసెడు మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. అక్కడి నుంచి వాళ్లను ఎటు తీసుకుపోతారో అతనికీ తెలియదు. అమ్మకు మాత్రం తెలిసినట్టే ఉంది. అప్పటిదాకా ఆపుకున్నదంతా ఆపుకోలేక పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "ఏమయ్యా, రేపు మాపటి రైలుకు పోదాం. టేషన్లనే పండుకుందాం. మోటారును నమ్ముకోని పోతమా?" అంది. నాయన తల అడ్డంగా ఊపాడు. "పోరడు నోరు తెరిచి అడిగిండు. ఇంజన్ చప్పుడు ఇంటనన్నడు. రైల్ల పోయి ఏం ఇనిపియ్యాలె వానికి?" అన్నాడు. అది నిజమే. అమ్మ లేచి బెల్లం ఎంత ఉందో చూసుకుంది.

అంత దూరం పోయే ముందు నూనె మార్చాలని అన్న చెప్పి ఉన్నాడు. మరునాడు నాయన షేర్వాణీ విప్పి, పాత కమీజు వేసుకుని, మొదటిసారి తనే మోటారు కింద దూరాడు. నూనె దించాడు. అమ్మ కుట్టిన కొత్త సంచీ డబ్బాలో పెట్టాడు. టోపీలో మిగిలిన ముక్కలోంచి కత్తెరతో ఒక వాషరు కోశాడు, చక్కగా వచ్చింది. అమ్మ నన్ను వంటింట్లో కూర్చోబెట్టుకుంది. అన్నకు గరిజెలు ఇష్టం. పిండి పిసికి, నువ్వులూ బెల్లమూ దంచి, పూర్ణం పెట్టి మడిచి, అంచులు నొక్కడం నా పని. నేను నొక్కుతున్నాను, అమ్మ కాలుస్తోంది. ఆ రోజు మూత వెనక మెట్ల మీదికి రాలేదు. నన్నెవరూ పిలవలేదు. పిలవాలని నాయనకు తెలియదు, ఆయన మూత దాకా వచ్చాడని నాకు తెలియదు. నాయన మూత లోపల గుడ్డతో తుడిచి, నల్లగా నున్నగా ఉందని సంతోషపడి, ఆ నలుపు మీదే ఎర్ర వాషరు వేసి బిగించాడు.

స్టార్టు చేస్తే మూత దగ్గర ఒక చుక్క వచ్చింది. నాయన ఇంకొంచెం బిగించాడు, ఆగింది. నమ్మకం చాలక కింద పాత కాగితం పరిచి ఉంచాడు. తెల్లవారి చూస్తే కాగితం మీద మరక లేదు. అమ్మను పిలిచి చూపించాడు. "చూడు. చుక్క లేదు. ఒక్క చుక్క లేదు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో ఉన్న సంతోషం నేను ఎన్నటికీ మరిచిపోలేను. కొడుకు పని కొడుకు లేనప్పుడు తానే చేసి, కొడుకు ముందుకు తీసుకుపోతున్న తండ్రి సంతోషం అది. చల్లటి ఇంజనులో నూనె చిక్కగా ఉన్నంతసేపు ఒకదాని మీద ఒకటి ఉన్న ఆ రెండు వాషర్లూ పట్టుకునే ఉంటాయని, నూనె వేడెక్కి పల్చబడితే పైది జారిపోతుందని ఆయనకేం తెలుసు.

తెల్లవారుతుండగా ప్రార్థన చేసుకుని బయలుదేరాం. అమ్మ చర్చికి కట్టే తెల్లచీర కట్టుకుని, గరిజెల డబ్బా ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది, పక్కన నేను. సికింద్రాబాదు దాటి, ఘట్‌కేసర్ దాటి, భువనగిరి గుట్ట కనపడేసరికి ఎండ ఎక్కింది. నాయన కొడుకుతో ఏమేం మాట్లాడాలో పైకే అనుకుంటూ నడుపుతున్నాడు. అమ్మ ముక్కు ఎగబీల్చి, "ఏందో మాడిన వాసనొస్తుంది" అంది. "ఎవరో చేన్ల చెత్త కాలబెడుతున్నరు" అన్నాడు నాయన. భువనగిరి దాటి ఇంకా కొంచెం దూరం పోయామో లేదో ఇంజను లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడైంది. నాయన ఆపేలోపు అదే ఆగిపోయింది. చుట్టూ జొన్నచేలు, రోడ్డు మీద ఒక మనిషి లేడు.

ఇంజను మీది రేకు ఎత్తి చూస్తే ఒక పక్కంతా నూనె. వెనక రోడ్డు పొడుగునా నల్లటి గీత. మూత కిందినుంచి ఎర్ర వాషరు సగం బయటికి వచ్చి వేలాడుతోంది. నాయన తెచ్చుకున్న నూనె పోసి, హ్యాండిలు పెట్టి తిప్పబోయాడు. కదల్లేదు. ఒంటి బరువంతా వేశాడు, కదల్లేదు. నూనె లేకుండా తిరిగి ఇంజను లోపల పట్టేసుకుపోయిందని అప్పటికి ఆయనకూ అర్థమైంది. చేతులు కాలుతున్నా మూత విప్పి ఒళ్లో పెట్టుకుని రోడ్డు అంచున కూర్చున్నాడు. ఎర్ర ముక్క తీసి పక్కన పెట్టి, లోపలి నలుపును గోటితో గీకాడు. గోటి కింద ఉన్ని పోగు ఒకటి లేచింది. దాన్ని పట్టి లాగితే పాత వాషరు తునకలు తునకలుగా వచ్చింది. దాన్ని అరచేతిలో వేసుకున్నాడు.

"గిది ఎప్పుడు సుత ఉంటుండెనా లోపల?" అన్నాడు, ఎవరినీ చూడకుండా.

"ఉంటుండె నాయనా. తీసినంకనే అన్న కొత్తది ఏస్తుండె" అన్నాను.

"ఎవరు తీస్తుండె?"

"నేను."

"నువ్వా?"

"ఎనక మెట్ల మీద కూసోని. అన్న నాకు తెచ్చి ఇస్తుండె."

నాయన తలెత్తి నా మొహంలోకి చూశాడు. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "నేనెన్నడు చూడలేదు బిడ్డా" అన్నాడు. ఆయన అలవాటు ప్రకారం ఆ మాట రెండోసారి అంటాడనుకున్నాను. అనలేదు.

అమ్మ ఆయన దగ్గరికి పోయి భుజం పట్టుకుని లేపింది. "ఇగ లే. ఏడనన్న రైలు దొరుకుతదేమో పోదాం" అంది. మోటారును అక్కడే వదిలి, జొన్నచేలో నుంచి వచ్చిన ఒక బండి ఎక్కి ఆలేరు స్టేషనుకు పోయాం. ఎద్దులు నడుస్తున్నంతసేపు అమ్మ పెదాలు కదులుతూనే ఉన్నాయి. ప్యాసింజరు వచ్చేదాకా కూర్చున్నాం. కాజీపేటలో దిగేసరికి పొద్దు వాలుతోంది. ప్లాట్‌ఫారం మీద చాయ్ అమ్మే మనిషి తప్ప పెద్దగా ఎవరూ లేరు. మా అమ్మ అతన్ని అడిగింది, ఫౌజు బండి వచ్చిందా అని.

"వచ్చింది, పోయింది గద అమ్మా. పగటి ఏళనే పోయింది" అన్నాడు అతను. మా మొహాలు చూసి కెటిలు కింద పెట్టాడు. "మోటారుల వస్తమన్నది మీరేనా?" అన్నాడు. అమ్మ తల ఊపింది. "ఒక పిల్లగాడు బండి దిగంగనే బయటి సడక్ మీదికి ఉరికిండు. బండి ఆగినంతసేపు గాడనే నిలబడ్డడు. నేను పోయి చాయ్ ఇస్తే పట్టుకోలె. ఆగు భాయ్, మా మోటారు చప్పుడైతుందేమో ఇననీ అన్నడు. ఇంజన్ కూతేసినంక సుత నిలబడ్డడు. ఆఖరి డబ్బల నుంచి ఎవరో చెయ్యిస్తే ఎక్కిండు" అని చెప్పాడు.

నాయన బయటికి నడిచాడు. సడక్ మీద నిలబడ్డాడు, మా అన్న ఎక్కడ నిలబడి ఉంటాడో అక్కడ. మేం వెళ్లలేదు. కాసేపటికి ఇంకో ఫౌజు బండి వచ్చి ఆగింది. కిటికీలన్నిటిలో అన్న వయసు పిల్లలే, ఏ ఊరి పిల్లలో, ఏ భాషవాళ్లో. అమ్మ గరిజెల డబ్బా మూత తీసి ఒక్కో కిటికీ దగ్గరా ఆగి, చాచిన ప్రతి చేతిలో పెడుతూ పోయింది. "తిను బిడ్డా" అని ప్రతి ఒక్కరికీ చెప్పింది. వాళ్లకు ఆ మాట అర్థమైందో లేదో గానీ అందరూ తిన్నారు. ఖాళీ డబ్బా పట్టుకుని వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది. ఆ రోజు ఆమె ఏడవలేదు.

అన్న తిరిగి రాలేదు. యుద్ధం అయిపోయింది, రావలసినవాళ్లు కొందరు వచ్చారు, మా అన్న రాలేదు. ఎక్కడ పోయాడో, ఎట్లా పోయాడో చెప్పగలిగినవాళ్లు మాకు ఎవరూ దొరకలేదు. మోటారును మల్లయ్య ఎద్దులు కట్టి లాక్కొచ్చాడు. మొదటిసారి ఎట్లా వచ్చిందో అట్లాగే మళ్లీ పందిరి కిందికి చేరింది, మళ్లీ కోళ్లు వచ్చాయి. దాన్ని తిరిగి నడిపిద్దామని ఎవరూ అనలేదు.

నాయన మాట రెండుసార్లు చెప్పడం మానేశాడు. ఇది మాకు కొన్నాళ్లదాకా తెలియనే లేదు. తెలిసిననాడు అమ్మ, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఒకసారి చెప్పి ఊరుకునేవాడు. తలుపు వేశావా అని ఒకసారి అడిగేవాడు, వేశామంటే సరే అనేవాడు.

ఒక శనివారం సాయంత్రం నేను వెనక మెట్ల మీద కూర్చుని బియ్యం ఏరుతున్నాను. నాయన వచ్చి ఆ ఫిల్టరు మూత నా ఒళ్లో పెట్టాడు. గూట్లోంచి వెతికి చింతపుల్ల కూడా తెచ్చాడు. నాకంటే కింది మెట్టు మీద కూర్చుని, "ఎట్ల చేస్తుంటివో చూపియ్యి బిడ్డా" అన్నాడు. మూతలో ఏమీ లేదు. రోడ్డు అంచున ఆయనే అంతా పీకేశాడు. అయినా నేను పుల్ల తీసుకుని ఖాళీ గాడి చుట్టూ మెల్లగా గీకాను. కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. ఆఖరున వేలితో గాడి అంతా తడిమాను. నాయన చదువుకునే పిల్లవాడిలా ముందుకు వంగి నా వేలినే చూస్తూ కూర్చున్నాడు. అయ్యాక నా చెయ్యి తీసుకుని, ఆ వేలు పట్టుకుని, చాలాసేపు వదల్లేదు. నాకు ఏడుపు వచ్చింది. ఆయనకూ వచ్చింది. ఆ తర్వాత మేమిద్దరం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు, ఆయన పోయేదాకా.

ఇప్పుడు ఆ ఇల్లు ఉన్నచోట ఏముందో వెతికినా నాకు దొరకదు. బావి ఉన్నచోటు మీదుగా రైలు పోతుందో, బట్టల దుకాణం ఉందో చెప్పలేను. ఇప్పటి పిల్లలకు కావలసినవన్నీ తెలుస్తాయి. అందుకు నేను ఈర్ష్య పడను, సంతోషమే. అయినా, తెలియని ఒక్క ముక్క చెప్పడానికి పక్కన ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి తెలుసని ఎవరో ఒకరు చూసి ఉండాలి. మా ఇంట్లో ఆ ముక్క గోడకు అటువైపు, నాలుగు మెట్ల మీదే ఉంది.

నేహ పని పూర్తి చేసింది. ఈసారి ఒక్క చుక్క కారలేదు. చేతులు కడుక్కుని వచ్చి, నన్ను లేపి, ముందు సీట్లో కూర్చోబెట్టి, ఇంజను స్టార్టు చేసింది. ఇప్పటి ఇంజన్లకు చప్పుడే ఉండదు, అయినా వింటూ కూర్చున్నాను. "టెస్ట్ డ్రైవ్ పోదాం అమ్మమ్మా, ఎటు పోదాం చెప్పు" అంది. పాత వాషరు ఇంకా నా గుప్పిట్లోనే ఉంది. కాజీపేట అన్నాను, ఎందుకన్నానో తెలియదు. నేహ నవ్వి, ఫోనులో దారి చూసి, బెల్టు పెట్టుకుంటూ, "గంతేనా? రెండు మూడు గంటలల్ల పోతం. అది పెద్ద దూరమేం కాదు అమ్మమ్మా" అంది.